ఎదురు మాట

మైదానం అంచున గీసిన తెల్ల గీతకు ఇవతల ఒక కుర్చీ వేసి ఉంది. మామూలు ప్లాస్టిక్ కుర్చీ అయితే కోచ్ పట్టించుకునేది కాదు. ఇది ప్రిన్సిపాల్ గదిలో పెద్దమనుషులు వస్తే వేసే చేతుల కుర్చీ. దాని మీద మెత్తటి దిండు, వెనక పెద్ద గొడుగు, పక్కన స్టూలు మీద మూత బిగించిన నీళ్ల సీసా. ఎవరో శ్రద్ధగా, ప్రేమగా అమర్చారు. చూడగానే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఇదెవరి పెళ్లికి?" అంది.

నవ్వాల్సిన వాళ్లెవరూ నవ్వలేదు. అమ్మాయిలంతా జెర్సీలు లోపలికి దోపుకుని, గ్రూప్ ఫోటోకి నిలబడ్డట్టు వరసగా నిలబడ్డారు.

"మీకోసమే మేడమ్" అన్నాడు చిన్న కోచ్. ఆమె ఆసుపత్రిలోనూ ఇంట్లోనూ మంచం మీద ఉన్నన్నాళ్లూ కాలేజీ ఫుట్‌బాల్ జట్టును చూసుకున్నది అతనే. మంచివాడు. ఎంత మంచివాడంటే, బంతిని గట్టిగా తన్నితే దానికి క్షమాపణ చెప్పుకునే రకం.

గుండె ఆపరేషన్ తర్వాత ఆమె మైదానంలో అడుగుపెట్టడం ఇదే మొదలు. మంచం మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ ఆమె రోజూ ఇక్కడే తిరిగింది. నలిగిన పచ్చిక వాసన కోసం, చెమట పట్టిన జెర్సీల గుట్ట కోసం, మొహం మీదకు దూసుకొచ్చే అరుపుల కోసం ప్రాణం కొట్టుకుపోయింది. ఇప్పుడు పచ్చిక ఉంది, జెర్సీలు ఉన్నాయి. ఆమె కుర్చీలో కూర్చోకుండా దాని వీపు మీద చెయ్యి ఆనించి నిలబడి విజిల్ ఊదింది.

నలుగురు బయట, ఇద్దరు మధ్యలో నిలబడి పాసులు మొదలుపెట్టారు.

"బంతి కాలి దగ్గరకొచ్చాక దిక్కులు చూడటం కాదు, రాకముందే చూసుకో!"

"సరే మేడమ్."

"నీ ఎడమ కాలు ఇంట్లో మర్చిపోయొచ్చావా?"

"సారీ మేడమ్."

ఆమె గొంతు మునుపటిలా అవతలి గోడకు కొట్టుకుని వెనక్కి రావడం లేదు గానీ, చేరాల్సిన చోటికి చేరుతోంది. ఇబ్బంది అది కాదు. ఏమన్నా సరే, సారీ. కెప్టెన్ కూడా అంతే. ఆ పిల్లను కాలేజీలో అందరూ లాయర్ అంటారు. ఒకసారి ఒక త్రో ఇన్ విషయంలో రిఫరీని మైదానంలో వదలక, మెట్ల దగ్గర వదలక, ఆయన బస్సెక్కి కిటికీ మూసుకునేదాకా వాదించిన ఘనత ఆమెది. అలాంటి లాయర్ ఇవాళ కోచ్ ఏం చెప్పినా తలూపి వెళ్లిపోతోంది.

ఆట అయ్యాక అందరూ కుళాయి దగ్గర చేరారు. ఆ జట్టులో దీన్ని కోర్టు అంటారు. బురద బూట్లు విప్పి కడుక్కునేటప్పుడు, కాళ్లకు బూట్లు లేనంతసేపూ మేడమ్ లేదు, స్టూడెంటు లేదు. కోచ్ వేసిన ప్లాను తప్పని ఎవరైనా అనొచ్చు. అన్నవాళ్లు తడి బూట్లను సిమెంటు గట్టు మీద ఆటగాళ్లలా పేర్చి నిరూపించాలి. కోచ్ ఆ బూట్లను అటూ ఇటూ జరిపి తిప్పికొట్టాలి. పెద్ద పెద్ద అరుపులతో ఒకరి బూటు ఒకరు లాక్కుంటారు. అటుగా వెళ్లే లెక్చరర్లు ఏదో తన్నులాట జరుగుతోందనుకుని ఆగి చూసేవాళ్లు. కోచ్ ఎన్ని కప్పులు గెలిచినా, ఈ అరగంట కోసమే తను కోచ్ అయ్యానని లోలోపల అనుకునేది.

"ఊఁ, చెప్పండి" అంది గట్టు మీద కూర్చుని, తన బూట్లు కూడా విప్పి.

అమ్మాయిలు బూటు అడుగున ఇరుక్కున్న మట్టిని పుల్లలతో గీకుతున్నారు.

"అంతా బాగుంది మేడమ్" అంది గోల్‌కీపర్. గుమ్మం పైకమ్మికి తల తగిలేంత పొడుగు కాబట్టి ఆమెను గోడ అని పిలుస్తారు.

"ఏది బాగుంది?"

"అన్నీ మేడమ్."

లాయర్ తన బూట్లు కడిగి, ఆరకముందే కాళ్లకు తొడిగేసుకుంది. ఆమెను చూసి మిగిలినవాళ్లూ తొడుక్కున్నారు. కోర్టు మొదలవకుండానే ముగిసింది. కోచ్ ఒక్కతే ఉత్త కాళ్లతో కూర్చుని ఉండిపోయింది.

ఇంటికి వెళ్లబోతుంటే ప్రిన్సిపాల్ పిలిపించారు. ఆయన చెడ్డవాడేమీ కాదు, భయస్తుడు. ఆమె మైదానంలో కుప్పకూలిన రోజున అంబులెన్సు వచ్చేదాకా ఆమె తలను తన కోటు మీద పెట్టుకుని కూర్చున్నది ఆయనే. అప్పటి నుంచి ఆమెతో మాట్లాడితే గాజు సామాను మోసుకెళ్తున్నట్టు మాట్లాడతారు.

"శనివారం మ్యాచ్ మీరే నడిపించండి మేడమ్. నేను కూడా వచ్చి చూస్తాను" అన్నారు. "ఆ తర్వాత నిదానంగా ఒక నిర్ణయానికొద్దాం. ఆటసామాన్ల గదికి ఎలాగూ ఒక ఇన్‌ఛార్జి కావాలి. నీడపట్టున ఉంటుంది. హోదాకి లోటుండదు."

"నేను బాగానే ఉన్నాను సార్. డాక్టరు గారు సరేనన్నారు."

"డాక్టరు గారిది ఒక మాట. రేపు మళ్లీ ఏదైనా అయితే ఆ పిల్లలు చూడగలరా చెప్పండి? నేను చూడలేను."

ఆయన కళ్లు నిజంగానే చెమర్చాయి. దాంతో ఆమెకు కోప్పడే వీలు కూడా లేకుండా పోయింది.

ఇంట్లో ముందు గదిలో ఆమె భర్త ఒక కుట్టు మిషన్ను బోర్లా తిప్పి, దాని పొట్టలో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పుతున్నాడు. మిషన్లు బాగుచెయ్యడం ఆయన పని. గదంతా మిషన్ నూనె వాసన. ఆమె వచ్చిన అలికిడి వినగానే పని వదిలేసి లేచి, చేతులు తుడుచుకుని, అన్నం వడ్డించాడు.

"కూరలో ఉప్పు లేదు" అందామె.

"అవును, లేదు."

పెళ్లయిన నాటి నుంచీ ఈ మనిషి ఆమె మాట ఒక్కటి ఒప్పుకున్న పాపాన పోలేదు. ఉప్పు లేదంటే నీ నాలుక చచ్చిపోయిందనేవాడు. కిటికీ తియ్యమంటే దుమ్మనేవాడు, ముయ్యమంటే ఉక్కపోతనేవాడు. పొద్దున కాఫీతో మొదలైన వాదన సాయంత్రం ఆమె మైదానం నుంచి వచ్చేసరికి కూడా పచ్చిగానే ఉండేది. పక్కింటివాళ్లు జాలిపడేవాళ్లు. వాళ్లకేం తెలుసు! ఆ గోలలోనే ఇద్దరూ హాయిగా బతికారు.

"ఈ గోడలకి నల్ల రంగు వేయిద్దామనుకుంటున్నా" అంది.

ఆయన మిషన్ దగ్గరకు వెళ్లి, తీసిన మరమేకు పెదవుల మధ్య పెట్టుకుని, మళ్లీ తీశాడు. "బాగుంటుంది."

"పైకప్పుకి కూడా."

"నీ ఇష్టం."

"చూడండి, నేను పిచ్చి మాటలు మాట్లాడుతున్నా. తెలుస్తోందా మీకు?"

"అలా ఏం లేదులే. నువ్వు ఉద్రేకపడకు."

ఆమె కంచం తీసి కడుగుతూ నిలబడింది. కుళాయి కింద చేతులు పెట్టుకుని ఉండగా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తను బతికే ఉంది. కానీ తనతో ఎవరూ బతకడం లేదనిపించింది. ఒక్కళ్లు, ఒక్కటంటే ఒక్క మాట అడ్డం చెబితే బావుండునని ఆమె మనసు అల్లాడిపోయింది.

మర్నాడు కూడా సరే, సారీ. ఆ మర్నాడూ అంతే. గురువారం ఆమె ఉండబట్టలేకపోయింది. జట్టును రెండుగా విడదీసి, జెర్సీల పైన వేసుకునే రంగు బిబ్స్ పంచుతూ, మొహంలో నవ్వు లేకుండా చెప్పింది.

"ఇవాళ గోడ ముందు ఆడుతుంది. గోల్ కొట్టాలి. గోల్‌లో చిట్టి నిలబడుతుంది."

చిట్టి జట్టు మొత్తంలో పొట్టిది. ఎగిరినా పై కడ్డీకి మూర కింద ఉంటుంది. గోడ అయితే మూడు అడుగులు పరిగెత్తితే ఒక అడుగు తన కాలే తనకు తగిలి పడుతుంది. ఈ మాట వేరే రోజుల్లో అని ఉంటే అమ్మాయిలు పచ్చిక మీద పడి దొర్లేవాళ్లు. లాయర్ అయితే విజిల్ లాక్కుని ఉండేది.

"సరే మేడమ్" అంది గోడ. చేతి తొడుగులు తీసి చిట్టికి ఇచ్చింది. అవి చిట్టి మోచేతుల దాకా వచ్చాయి.

ఆట మొదలైంది. గోడ బంతి వెంట పడింది, బంతి మీద పడింది, ఒకసారి సొంత జట్టు అమ్మాయి మీదే పడింది. చిట్టి నెత్తి మీదుగా బంతులు వరసగా లోపలికి పోతున్నాయి. అందరూ ఎంతో బుద్ధిగా, సీరియస్‌గా ఆడారు. చిన్న కోచ్ చప్పట్లు కూడా కొట్టాడు. లాయర్ కింది పెదవి కొరుక్కుంటూ మైదానం మధ్యలో నిలబడి ఉంది. ఆమె ఒక్కసారి ఇటు చూసింది. కోచ్ ఆశగా ఎదురుచూసింది. లాయర్ చూపు దించుకుని బంతి వైపు పరిగెత్తింది.

కోచ్ విజిల్ ఊది ఆట ఆపేసింది. కుర్చీలో కూర్చుంది. వచ్చాక ఆ కుర్చీలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. అమ్మాయిలు కంగారుపడి నీళ్ల సీసాతో పరిగెత్తుకొచ్చారు. నాలుగు చేతులు ఒకేసారి సీసా మూత తిప్పబోయాయి. తను ఇక కోచ్ కాదని, వీళ్లంతా కలిసి మోసుకు తిరుగుతున్న ఒక గుండెకాయనని ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. పేరుకి ఇంకా జట్టు తనదే. శనివారం దాటితే ఆ పేరు కూడా ఉండదు.

శనివారం ఎండ కాస్తోంది. అవతలి కాలేజీ వాళ్లు ఊదా జెర్సీల్లో వచ్చారు. మెట్ల మీద పై వరసలో ప్రిన్సిపాల్, కింద వరసలో ఆమె భర్త. ఇద్దరూ ఆట చూడటం మానేసి ఆమెనే చూస్తున్నారు. మొదటి సగంలో ఊదా జట్టు ఒక గోల్ కొట్టింది. మైదానం మధ్యలో బంతి ఒక్కసారి కూడా వీళ్ల కాళ్ల దగ్గర నిలబడలేదు. కుడి అంచున ఆడే అమ్మాయి మాత్రం పట్టాల మీద పోయినట్టు ఒకటే పోత. ఆ పోత వల్లే ఆమెకు రైలు అని పేరు. కానీ సగం ముగిసే సమయానికి ఆ పిల్ల రెండుసార్లు ముందుకు వెళ్లి, వెనక్కి రాలేక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది.

హాఫ్ టైమ్‌కి అందరూ మెట్ల కింద గదిలోకి వచ్చారు. కోచ్ అమ్మాయిలు వలిచిన నారింజ తొక్కల్ని ఆటగాళ్లలా బల్ల మీద పరిచి చూపించింది.

"మధ్యలో వాళ్లు మనల్ని నమిలేస్తున్నారు. రైలు కూర్చుంటుంది. చిట్టి మధ్యలోకి వస్తుంది. కుడివైపు ఖాళీగా వదిలేద్దాం."

"సరే మేడమ్" అన్నారంతా.

లాయర్ కూడా సరేనంది. అని, బల్ల చివర కూర్చుని బూటు లేసు ముడేసుకుంది. ముడి విప్పింది. మళ్లీ వేసింది. మళ్లీ విప్పింది. ఆ పిల్ల చేతులు అలా ఎప్పుడు ఆడతాయో కోచ్‌కి బాగా తెలుసు. రిఫరీ రెడ్ కార్డు చూపిస్తానని బెదిరించినప్పుడు, మాటలు బలవంతాన మింగాల్సి వచ్చినప్పుడు ఆమె లేసుతో కుస్తీ పడుతుంది.

కోచ్ వెళ్లి పక్కన కూర్చుంది. "ఏదో మింగుతున్నావు. కక్కు."

"ఏం లేదు మేడమ్."

"నేను తప్పు చేస్తున్నానా?"

"లేదు మేడమ్."

"ఒసేయ్, మనం ఓడిపోతున్నాం. నేను గుంటలోకి నడుస్తుంటే చూస్తూ ఊరుకుంటావా?"

లాయర్ చేతులు ఆగిపోయాయి. "అంకుల్ వచ్చి చెప్పారు మేడమ్. మీకు ఎదురు చెప్పొద్దన్నారు. అందరం ఒట్టేసుకున్నాం. ఎవరైనా నోరు జారితే జట్టు జెర్సీలన్నీ వాళ్లే ఉతకాలి."

కోచ్ తలుపు వైపు చూసింది. బయట మెట్ల మీద కూర్చున్న తన మొగుణ్ణి తర్వాత చూసుకోవచ్చు.

"జెర్సీలకి భయపడే మొహమా నీది?"

"కాదు." లాయర్ లేసు వదిలేసింది. "ఆ రోజు ఆఫ్‌సైడ్ గురించి మీతో వాదిస్తున్నది నేనే కదా మేడమ్. చాల్లెమ్మా అన్నారు మీరు. నేను వదల్లేదు. ఇంకా మాట సగంలో ఉంది, మీరు పడిపోయారు. నేనే కదా..."

నారింజ తొనలు తింటున్న అమ్మాయిలంతా నమలడం మానేశారు. ఇన్ని రోజులూ ఈ పిల్ల ఏం మోసుకుని తిరిగిందో కోచ్‌కి అప్పుడు అర్థమైంది. దగ్గరకు తీసుకుంటే ఇద్దరూ ఏడుస్తారు. మ్యాచ్ ఇంకా సగం ఉంది.

"పిచ్చిదానా, నా రక్తనాళాలు నీ మాటలకి మూసుకుపోలేదు. ఏళ్ల తరబడి పూడుకుంటూ వచ్చాయట, డాక్టరు బొమ్మ గీసి మరీ చూపించాడు. నీ నోటికే అంత శక్తి ఉంటే ఈపాటికి మన జిల్లాలో ఒక్క రిఫరీ మిగిలేవాడు కాదు."

ఎవరో కిసుక్కుమన్నారు. గోడ నోట్లోంచి నారింజ రసం బయటికొచ్చింది.

"ఆసుపత్రిలో కళ్లు తెరిచాక నేను మొదట వెతుక్కున్నది నీకివ్వాల్సిన జవాబే తెలుసా? రోజూ పడుకుని నీతో వాదించుకున్నా. ఎదుటి మనిషి లేకుండా ఎంతసేపని వాదించుకోను? ఆఖరికి ఇక్కడికొస్తే నువ్వేమో సరే మేడమ్. ఒక్కసారి తిట్టవే బాబూ, నీకు పుణ్యముంటుంది."

లాయర్ ముక్కు చేతి వెనకతో తుడుచుకుంది. ఒక్క క్షణం ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. తర్వాత లేచి నిలబడింది.

"అయితే వినండి. రైల్ని తీసేస్తే మనం చచ్చినట్టే. వాళ్ల ఎడమ డిఫెండర్ కుంటుతోంది. మీరు కూర్చున్న వైపు నుంచి అది కనపడదు. రైలు ఉండబట్టే ఆ పిల్ల కదలకుండా వెనకాల పడి ఉంది. ఇది పోతే అది తీరిగ్గా తలెత్తి బంతులు ముందుకు కొడుతుంది."

"రైలుకి ఆవిరి అయిపోయింది. రెండుసార్లు వెనక్కి రాలేదు, చూశావా?"

"నేను అలిసిపోలేదు!" అంది రైలు.

"నువ్వు నోర్ముయ్, నీ మొహం చూస్తేనే తెలుస్తోంది."

"మధ్యలో చిట్టి వస్తే ఏం ఒరుగుతుంది మేడమ్? వాళ్లు దీన్ని దాటుకుని పోతారు."

"దాటనివ్వను!" అంది చిట్టి.

"గురువారం నన్ను ముందు ఆడించినప్పుడే అనుకున్నా, మేడమ్‌కి మతి పోయిందని" అంది గోడ. ఎవరూ అడక్కపోయినా తన వంతు కూడా తీర్చేసుకుంది.

గది దద్దరిల్లిపోయింది. నారింజ తొక్కలు ఒకరి చేతుల్లోంచి ఒకరు లాక్కుని బల్ల మీద జరుపుతున్నారు. కోచ్ కూడా లేచి బల్ల గుద్దింది. చెవులు వేడెక్కాయి. ఎన్నాళ్లకి! రిఫరీ తలుపు కొట్టేసరికి ఆమె చెయ్యెత్తి అందర్నీ ఆపింది.

"అందరూ చెప్పారు. విన్నాను. రైలు కూర్చుంటుంది."

"తప్పు చేస్తున్నారు" అంది లాయర్.

"చేస్తే నాది. పద."

మైదానం మధ్యలో ఆట మారింది. చిట్టి వాళ్ల కాళ్లకి అడ్డం పడి, పడి లేచి, బంతులు లాక్కొచ్చింది. వాటిలో ఒకదాన్ని అందుకుని లాయరే గోల్ కొట్టింది. కోచ్ గాల్లోకి ఎగిరి, ఎగరకూడదని గుర్తొచ్చి మెల్లగా దిగింది. అంతవరకూ బానే ఉంది. చివర్లో మాత్రం లాయర్ చెప్పినట్టే అయింది. కుంటుతున్న ఆ ఊదా పిల్లను అడ్డుకునేవాళ్లు లేరు. తీరిగ్గా తలెత్తి, చూసుకుని, పొడుగ్గా ఒక బంతి కొట్టింది. అది అందుకున్నవాళ్లు గోడకు అందకుండా గోల్ మూలకు నెట్టేశారు. ఆ తర్వాత ఆట ఎక్కువసేపు లేదు.

లాయర్ గదిలోకి వస్తూనే మోకాళ్ల కింది ప్యాడ్లు తీసి నేలకేసి కొట్టింది.

"చెప్పానా! చెప్పానా లేదా? ఆ కుంటిపిల్లే బంతి అందించింది. నా మాట వినుంటే డ్రా అన్నా అయ్యేది!"

"నీ మాట వినుంటే నువ్వు గోల్ కొట్టేదానివే కాదు. బంతి నీ దాకా తెచ్చిందెవరు? చిట్టి కాదూ!"

"అది వేరే సంగతి!"

"అదెలా వేరే సంగతవుతుంది?"

ప్రిన్సిపాల్ గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయారు. ఆమె మొహం కందగడ్డలా ఉంది. చుట్టూ పిల్లలు మీదపడి అరుస్తున్నారు. "మేడమ్, కూర్చోండి ముందు. ఎవరైనా నీళ్లివ్వండమ్మా" అన్నారు కంగారుగా. ఒక్కరూ అటు తిరగలేదు. ఆయన గొంతు పెంచాల్సి వచ్చింది.

"ఏమ్మా, ఆవిడ మీద అలా అరవొచ్చా?"

"అరవకపోతే ఎలా సార్? మ్యాచ్ పోగొట్టింది ఆవిడే" అంది లాయర్.

ఆయన కోచ్ వైపు జాలిగా చూసి, గొంతు సవరించుకున్నారు. "నేనూ అదే ఆలోచిస్తున్నా. ఆరోగ్యం కూడా చూసుకోవాలి కదా. ఇక నుంచి చిన్న కోచ్ గారు చూసుకుంటే..."

"ఆయనెందుకు చూసుకుంటారు?" లాయర్ ఆయన వైపు పూర్తిగా తిరిగింది. "పోగొట్టింది ఈవిడైతే జవాబు చెప్పాల్సింది ఆయనా? సోమవారం మేడమ్ రావాలి, మా ముందు నిలబడాలి. మ్యాచ్ ఓడించేసి ఆటసామాన్ల గదిలో నీడపట్టున కూర్చుంటామంటే కుదరదు సార్. మేం ఊరుకోం."

ఆటసామాన్ల గది సంగతి వీళ్లదాకా ఎలా వచ్చిందో! చిన్న కోచ్ నేల చూపులు చూస్తూ, "నాతో అయితే వీళ్లు పోట్లాడరు సార్" అన్నాడు. "పోట్లాడకుండా ఆడితే ఎలా ఆడతారో ఈ కొన్ని నెలలూ చూశాను. బాగోదు."

ప్రిన్సిపాల్ కోచ్ వైపు తిరిగారు. "మీరేమంటారు మేడమ్?" ఈసారి ఆయన గొంతులో గాజు సామాను లేదు. తోటి ఉద్యోగిని అడిగినట్టు అడిగారు.

ఆమె విజిల్ తీసి మళ్లీ మెడలో వేసుకుంది. "సోమవారం వస్తాను సార్. కానీ తప్పు నాది కాదు."

గదంతా మళ్లీ గోలెత్తిపోయింది. ప్రిన్సిపాల్ ఒకటి రెండుసార్లు నోరు తెరిచి, తన మాట ఎవరికీ వినపడదని గ్రహించి, సోమవారం ఎన్ని గంటలకని చిన్న కోచ్‌ని అడిగి తెలుసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయారు.

ఆమె బయటికి వచ్చేసరికి భర్త స్కూటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. తలుపు ఎంత దగ్గరగా వేసినా ఆ గోల మెట్ల దాకా వినపడే ఉంటుంది. ఆయన మొహం చూస్తే తెలుస్తోంది. ఆమె వెనక ఎక్కి కూర్చుంది. వీధి మలుపు దాటారు, పెట్రోల్ బంకు దాటారు. ఆయన అద్దంలోంచి ఒకసారి చూశాడు. ఇంకోసారి చూశాడు. రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు, ముందుకే చూస్తూ, ఎంతో కష్టం మీద నోరు విప్పాడు.

"ఆ కుడి పక్క పిల్లని తియ్యకుండా ఉండాల్సింది."

ఆమె ముందుకు వంగింది. "ఏమన్నారు?"

"తప్పు నీదే అన్నాను."

"మీకేం తెలుసు ఫుట్‌బాల్ గురించి?"

"కళ్లున్నాయి కదా నాకు. ఆ పిల్ల కుంటడం మెట్ల మీద కూర్చున్న నాక్కూడా కనపడింది. నీకే కనపడలేదు."

"కుట్టు మిషన్లు బాగుచేసుకునేవాళ్లు కూడా నాకు ప్లాన్లు చెప్పేవాళ్లే!"

"చెప్తా. ఇంకో మాట కూడా చెప్తా. ఆ నల్ల రంగు నేను చస్తే వేయించను."

ఆమె ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది. చరిచిన చెయ్యి వెనక్కి తీసుకోలేక, చొక్కా గుప్పిట్లో పట్టుకుని, అక్కడే నుదురు ఆనించి ఏడ్చేసింది. ఆయన ఊరుకోబెట్టలేదు. గేటు లేచింది. ఇల్లు వచ్చేదాకా ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఉన్నారు.